నలుపు తెలుపు వీరులకు రంగులద్దిన కుంచెలు

కుంకుమ రంగు ఆకాశం, దాని అంచున నల్లగా నిలిచిన కోట బురుజు, ముంగాళ్ళు గాలిలోకి లేపిన తెల్లగుర్రం, దాని మీద ఎర్రని ఉత్తరీయం ఎగురుతుండగా కత్తి దూసిన రాకుమారుడు, ఎడమ మూలన చేయి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగిన రాకుమారి, వీరందరి వెనుక ఆకాశమంత ఎత్తున కనుగుడ్లు ఉరిమి చూస్తున్న ఆకుపచ్చ ముఖపు మాంత్రికుడు. 1950, 60 దశకాల్లో తెలుగు పట్టణాల్లో సినిమా హాలు సందు మొదట్లోనో, బస్టాండు ప్రహరీ మీదనో కనిపించిన జానపద చిత్రపు వాల్‌పోస్టర్ సాధారణంగా ఇలాంటి హంగులతోనే ఉండేది. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు బకెట్‌తో తెల్లవారకముందే వచ్చిన మనిషి, విడివిడి షీట్లను అంచుకు అంచు కలిపి అతికించి వెళ్ళిపోయేసరికి, ఊరు నిద్ర లేచి చూసే తొలి రంగుల దృశ్యం అదే అయ్యేది. మధ్యాహ్నానికి రిక్షాకు కట్టిన మైకు "నేడే చూడండి" అని ఊరంతా చాటే సమయానికి, ఆ గోడ ముందు నిలబడిన పిల్లలు సగం కథను తామే అల్లుకొని ఉండేవారు.

పాత చిత్రాలను శుభ్రపరిచి మళ్ళీ థియేటర్లలో విడుదల చేసే ఒరవడి 2022 నుంచి తెలుగునాట ఊపందుకోవడం, 2023లో ఎన్టీఆర్, కాంతారావుల శతజయంతులు, 2024లో అక్కినేని శతజయంతి వరుసగా రావడం, కృత్రిమ మేధ సాయంతో పాత పోస్టర్ల శైలిలో బొమ్మలు తయారుచేసి పంచుకోవడం వాడుకగా మారడం, ఇవన్నీ కలిసి ఆ గోడ బొమ్మలను తిరిగి చర్చలోకి తెచ్చాయి. ఆ చర్చలో నటుల పేర్లు, దర్శకుల పేర్లు, చివరకు కత్తియుద్ధాలు కూర్చిన స్టంట్ మాస్టర్ల పేర్లు కూడా వినిపిస్తున్నాయి గాని, ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లు మాత్రం అరుదుగానే వినిపిస్తున్నాయి. తెలుగు జానపద వీరుడి రూపం జనం మనసులో నిలిచిపోవడంలో కెమెరాకు ఎంత పాత్ర ఉందో కుంచెకూ అంత పాత్ర ఉందని ఒప్పుకోనిదే ఆ చరిత్ర పూర్తి కాదు.

కత్తి వీరుడు నడిచి వచ్చిన దారి

కత్తియుద్ధం, సాహసం, ప్రేమ, దుర్మార్గపు పాలకుడిపై తిరుగుబాటు కలగలిసిన చిత్రాలను హాలీవుడ్‌లో స్వాష్‌బక్లర్ చిత్రాలు అంటారు. మూకీల కాలంలో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'ది మార్క్ ఆఫ్ జోరో' (1920), 'ది త్రీ మస్కటీర్స్' (1921), 'రాబిన్ హుడ్' (1922), 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924), 'ది బ్లాక్ పైరేట్' (1926) చిత్రాలతో ఈ కోవకు ఒక రూపాన్ని ఇవ్వగా, టాకీలు వచ్చాక ఎరోల్ ఫ్లిన్ 'కెప్టెన్ బ్లడ్' (1935), 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' (1938), 'ది సీ హాక్' (1940) చిత్రాలతో దాన్ని శిఖరానికి చేర్చాడు. 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' కోసం పోలండ్‌లో పుట్టిన కళా దర్శకుడు అంటోన్ గ్రాట్ గీసిన పోస్టర్‌లో ఎగిరే గుర్రం మీది ఫెయిర్‌బ్యాంక్స్ ఆకాశంలో దూసుకుపోతూ కనిపిస్తాడు. వీరుడు ఎప్పుడూ కదలికలోనే ఉండాలి, నేల మీద నిలకడగా నిలబడకూడదు అన్న సూత్రాన్ని ఆ తరం పోస్టర్లు స్థిరపరిచాయి. ఫ్లిన్ నటించిన 'రాబిన్ హుడ్' మూడు రంగుల టెక్నికలర్‌లో తీసిన చిత్రం కాగా, 'కెప్టెన్ బ్లడ్', 'ది సీ హాక్' నలుపు తెలుపు చిత్రాలు. అయినా వాటి పోస్టర్ల మీద సముద్రం నీలంగా పొంగింది, ఓడలు నారింజ మంటల్లో కాలిపోయాయి.

తెలుగు జానపద చిత్రానికి సొంత వేళ్ళు లోతుగా ఉన్నాయి. బుర్రకథ, తోలుబొమ్మలాట, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు దానికి పునాది. జెమిని వారి 'బాలనాగమ్మ' (1942), అక్కినేని, అంజలీదేవి నటించిన 'కీలుగుర్రం' (1949), కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన 'పాతాళ భైరవి' (1951), ఆ తర్వాత వచ్చిన 'జయసింహ' (1955), 'జగదేకవీరుని కథ' (1961), 'గులేబకావళి కథ' (1962), 'బందిపోటు' (1963) ఆ పునాది మీద లేచిన మేడలే. అయితే పడమటి గాలి కూడా వీచింది. అలెగ్జాండర్ డ్యూమా 1844లో రాసిన 'కోర్సికన్ బ్రదర్స్' నవలిక 1941లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ కథానాయకుడిగా హాలీవుడ్ చిత్రమై, దాని ఆధారంగా జెమిని వారి 'అపూర్వ సహోదరులు' (1950), బి. విఠలాచార్య దర్శకత్వంలో ఎన్టీఆర్ ద్విపాత్రాభినయం చేసిన 'అగ్గిపిడుగు' (1964) తెలుగువారి ముందుకు వచ్చాయి. మార్క్ ట్వేన్ నవల 'ది ప్రిన్స్ అండ్ ది పాపర్' 1937లో ఎరోల్ ఫ్లిన్‌తో సినిమాగా రాగా, అదే కథ 1954లో 'రాజు పేద'గా తెలుగులో వెలువడింది. కథలతో పాటు పోస్టర్ కూర్పు కూడా ఇలా సముద్రం దాటి వచ్చి, ఇక్కడి కాలెండరు బొమ్మల రంగులతో, నాటకరంగపు తెరల అలంకారంతో కలిసి కొత్త రూపం తీసుకుంది.

> తొలి పోస్టర్‌లోనూ కత్తుల కథే
> మనకు తెలిసిన తొలి భారతీయ సినిమా పోస్టర్లలో ఒకటి 1924 నాటి 'కళ్యాణ్ ఖజినా' చిత్రానిది. శివాజీ కాలపు కథతో తీసిన ఆ మూకీకి దర్శకుడైన కొల్హాపూర్ కళాకారుడు బాబూరావ్ పెయింటర్ స్వతహాగా చిత్రకారుడు కావడంతో, తన సినిమాల ప్రచార చిత్రాలను తానే వేసుకున్నాడు. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేస్తూ బతుకుతెరువు మొదలుపెట్టిన ఎం.ఎఫ్. హుసేన్ తర్వాతి కాలంలో దేశంలోనే ప్రసిద్ధ చిత్రకారుడయ్యాడు.

రంగు ఎవరిది?

తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' వచ్చింది 1963లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు జానపద చిత్రాల్లో ఎక్కువ భాగం, ముఖ్యంగా పొదుపైన ఖర్చుతో వేగంగా పూర్తిచేసే విఠలాచార్య తరహా చిత్రాలు, నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. అంటే 'పాతాళ భైరవి'లోని తోట రాముడి అంగీ ఏ రంగుదో, నేపాళ మాంత్రికుడి కళ్ళలో ఏ రంగు నిప్పు మండుతుందో తెర మీద ఎవరికీ కనిపించలేదు. అది కనిపించింది పోస్టర్ మీద, పాటల పుస్తకం అట్ట మీద మాత్రమే. చిత్రకారుడి చేతికి వచ్చేవి నలుపు తెలుపు స్టిల్ ఫొటోలు, నిర్మాత చెప్పిన నాలుగు మాటల కథ, నటీనటుల పేర్ల వరుసక్రమం. వీరుడికి ఎరుపు, రాకుమారికి గులాబీ, మాంత్రికుడికి ఆకుపచ్చ, రాత్రికి ఊదా అని నిర్ణయించింది చిత్రకారుడే. ఆ కాలపు ప్రేక్షకులు తాము చూసిన జానపద చిత్రాన్ని తలచుకున్నప్పుడు మనసులో మెదిలే రంగులు వాస్తవానికి కెమెరా పట్టినవి కావు, ఒక పోస్టర్ చిత్రకారుడు ఊహించినవి. ఒక తరం మొత్తం రంగుల జ్ఞాపకాన్ని తన ఊహతో నింపిన కళాకారుడికి ఇంతకన్నా పెద్ద విజయం మరొకటి ఉండదు.

ఈ పనిలో పోలిక పట్టడం మొదటి పరీక్ష. పది అడుగుల ఎత్తు బొమ్మలోనైనా, అరచేతి వెడల్పు ప్రకటనలోనైనా కళ్ళు, ముక్కు, పెదవి వంపు చూడగానే ఇది కాంతారావు, ఇది రాజనాల అని గుర్తుపట్టగలగాలి. చదువు రాని ప్రేక్షకుడికి పోస్టరే ప్రకటన, పోస్టరే నటవర్గం జాబితా. కథలో ఎవరు ఎవరికి శత్రువో, ఎవరి కోసం ఎవరు పోరాడుతున్నారో చిత్రకారుడు బొమ్మల పరిమాణంతోనే చెప్పేవాడు. కథానాయకుడి తల పెద్దదిగా, అతని శత్రువు ముఖం కింది నుంచి పడ్డ వెలుగులో వికృతంగా, యుద్ధ సన్నివేశం అడుగున చిన్న చిన్న ఆకారాలుగా కూర్చి, చూపు పై నుంచి కిందికి ఏటవాలుగా జారేలా కత్తి మొనను ఆ దిశలో తిప్పి పెట్టేవాడు. సినిమా పేరు రాయడం మరో విద్య. గుండ్రని తెలుగు అక్షరానికి కత్తి పదును తేవడానికి తలకట్టును ఈటె మొనలా సాగదీయడం, కొమ్మును మంట నాలుకలా లేపడం, అక్షరాల వెనుక రాతి గోడ మందం చూపడం వంటి పద్ధతులు ఆ కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకున్నవే. ఈనాడు కంప్యూటర్లో దొరికే అలంకార అక్షరాల్లో చాలావాటికి మూలాలు ఆ చేతిరాతల్లో ఉన్నాయి.

రాయి నుంచి కాగితానికి

చిత్రకారుడు వేసిన మూల చిత్రం ఒక్కటే ఉంటుంది, గోడలు మాత్రం వేల సంఖ్యలో ఉంటాయి. ఈ రెంటి మధ్య వారధి లిథోగ్రఫీ, అంటే నూనె, నీరు ఒకదానితో ఒకటి కలవవన్న సూత్రంపై నడిచే ముద్రణ పద్ధతి. 1796లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతిలో నున్నని సున్నపురాయి మీద జిడ్డు గల క్రేయాన్‌తో బొమ్మ గీసి, రాయిని తడిపి, నూనె సిరా రుద్దితే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీత ఉన్నచోటే అంటుకుంటుంది. తర్వాతి కాలంలో బరువైన రాళ్ళ స్థానంలోకి పలుచని జింకు పలకలు వచ్చాయి. రంగుకొక పలక కావాలి కాబట్టి, ప్రెస్సులో పనిచేసే లిథో ఆర్టిస్టు మూల చిత్రాన్ని ఎదురుగా పెట్టుకొని, ఇందులో పసుపు ఎంత, ఎరుపు ఎంత, నీలం ఎంత అని కంటితోనే విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో పలకను చేత్తో గీయాల్సి వచ్చేది. రాయి మీద నేరుగా గీసేటప్పుడు బొమ్మ కాగితంపై తిరగబడి పడుతుంది గనుక అక్షరాలను అద్దంలో కనిపించినట్టు వెనక నుంచి ముందుకు రాయవలసి వచ్చేది.

అలాంటి పోస్టర్‌ను చాలా దగ్గర నుంచి పరిశీలిస్తే కథానాయకుడి బుగ్గ ఒకే రంగులో ఉండదు. పసుపు పూత మీద ఇసుక చల్లినంత సన్నని ఎర్రని చుక్కలు, దవడ వంపు దగ్గర ఆ చుక్కలు దట్టమై, వాటి మధ్య నీలపు గీతలు నీడగా మారడం కనిపిస్తుంది. ఒక్కో చుక్కా చేత్తో పెట్టినదే. ఒక రంగు అచ్చుకూ మరో రంగు అచ్చుకూ మధ్య కాగితం వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు పెదవి దాటి పోతుంది. పాత పోస్టర్లలో అక్కడక్కడా కనిపించే ఆ తేడా అవి మనుషుల చేతుల మీదుగా వచ్చాయనడానికి సాక్ష్యం. కాబట్టి ప్రతి పోస్టర్ వెనుకా ఇద్దరు చిత్రకారులు ఉన్నారు. ఒకరు మద్రాసులో మూల చిత్రం వేసిన పబ్లిసిటీ డిజైనర్, మరొకరు ప్రెస్సులో కూర్చుని దాన్ని చుక్కలుగా విడదీసిన లిథో ఆర్టిస్టు. మొదటివారిలో కొందరి పేర్లైనా చిత్రాల టైటిళ్ళలో కనిపిస్తాయి, రెండోవారి పేర్లు దాదాపు ఎక్కడా నమోదు కాలేదు.

దక్షిణాది సినిమా పోస్టర్ల ముద్రణకు మద్రాసుతో పాటు శివకాశి పెద్ద కేంద్రమైంది. 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చి తమ ఊళ్ళో పరిశ్రమ ప్రారంభించగా, అగ్గిపెట్టెల లేబుళ్ళ అవసరం నుంచి అక్కడ ముద్రణ పెరిగి, క్రమంగా కాలెండర్లు, సినిమా పోస్టర్ల దాకా విస్తరించింది. కరవు ప్రాంతంలోని ఒక చిన్న పట్టణం ఈ విధంగా లక్షలాది తెలుగు ప్రేక్షకుల గోడలకు రంగులు పంపింది. విజయవాడ గాంధీనగర్ వంటి పంపిణీ కేంద్రాలకు చేరిన పోస్టర్ కట్టలు అక్కడి నుంచి ఫిల్మ్ బాక్సులతో పాటు ఊరూరి హాళ్ళకు వెళ్ళేవి.

> పాటల పుస్తకం
> హాలు బయట కొద్ది పైసలకు అమ్మిన పాటల పుస్తకం పోస్టర్‌కు చెల్లెలు. అట్ట మీద రంగుల బొమ్మ, లోపల నటీనటుల పట్టిక, పాటలు, కథాసంగ్రహం ఉండేవి. వీరుడు ఆపదలో చిక్కుకున్న చోట కథ ఆపి, మిగిలినది వెండితెరపై చూడమని ముగించేవారు. పెద్ద పోస్టర్లు జిగురుతో, వానతో నాశనం కాగా, ట్రంకు పెట్టెల్లో దాచిన ఈ చిన్న పుస్తకాల్లోనే అనేక చిత్రాల ప్రచార కళ మిగిలింది.

మద్రాసు కుంచెలు

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్ళూ దాని ప్రచార కళ కూడా అక్కడే ఉంది. కేతా వంటి పబ్లిసిటీ కళాకారుల తర్వాతి తరంలో ఈశ్వర్, గంగాధర్ వంటివారు ఆ వృత్తిని ముందుకు తీసుకువెళ్ళారు. వీరిలో ఈశ్వర్ జీవితం ఆ వృత్తి చరిత్రకు మంచి ఉదాహరణ. పాలకొల్లుకు చెందిన కొసరాజు ఈశ్వరరావు మద్రాసు చేరి, 1967లో బాపు తొలిసారి దర్శకత్వం వహించిన 'సాక్షి' చిత్రంతో స్వతంత్ర పబ్లిసిటీ డిజైనర్ అయ్యాడు. తానే గొప్ప చిత్రకారుడైన బాపు తన మొదటి సినిమా బొమ్మలను ఒక కొత్త కుర్రవాడి చేతిలో పెట్టడం ఆ చేతికి దక్కిన తొలి గౌరవం. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఈశ్వర్ 2,000కు పైగా చిత్రాలకు ప్రచార చిత్రాలు రూపొందించాడు. తన వృత్తి చరిత్ర మరుగున పడిపోతుందన్న ఆలోచనతో ఆయన రాసిన 'సినిమా పోస్టర్' గ్రంథం నంది పురస్కారం పొందింది. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకు ప్రకటించడం, తెలుగు సినిమాలోని అత్యున్నత గౌరవాల్లో ఒకటి పోస్టర్ చిత్రకారుడికి చేరిన అరుదైన సందర్భం. 2021 సెప్టెంబరులో ఆయన చెన్నైలో కన్నుమూశాడు.

కాగితపు పోస్టర్‌కు తోడుగా బ్యానర్లు, కటౌట్లు వేసే కళాకారులది మరో లోకం. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను పెద్ద గుడ్డ మీద అడుగుల లెక్కన గీసుకొని, ఒక్కో గడిలోని గీతను ఒక్కో గడిలోకి పెంచుకుంటూ పోయేవారు. పరంజా మీద నిలబడి కథానాయకుడి కంటిపాప ఒక్కదాన్నే వేస్తున్న మనిషికి ఆ ముఖం మొత్తం కనిపించదు. కింద రోడ్డు అవతల నిలబడ్డ మేస్త్రి చెప్పే మాటే అతనికి ఆధారం. 1957లో శివాజీ గణేశన్ నటించిన తమిళ జానపద చిత్రం 'వణంగాముడి' కోసం మోహన్ ఆర్ట్స్ సంస్థ మద్రాసులో నిలిపిన 80 అడుగుల కటౌట్ దక్షిణాది కటౌట్ల సంస్కృతికి మైలురాయిగా నిలిచిపోయింది.

> చెత్తకుప్పలో దొరికిన సంపద
> అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ థియేటర్ కోసం 1924 నుంచి 1928 వరకు బాటిస్ట్ మడలేనా అనే చిత్రకారుడు దాదాపు 1,400 పోస్టర్లను అచ్చు లేకుండా, ఒక్కొక్కటీ చేత్తోనే వేశాడు. థియేటర్ చేతులు మారాక వాటిని బయట పారేయగా, సైకిల్ మీద అటుగా వెళ్తున్న మడలేనా వానలో తడుస్తున్న తన బొమ్మలను చూసి, చేతనైనన్ని ఇంటికి చేర్చాడు. అలా మిగిలినవి 225 మాత్రమే. 2008లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాటిని ప్రదర్శించింది.

ఎందుకు కనుమరుగైంది

ఈ కళ ఒక్క దెబ్బతో పోలేదు. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చేనాటికే గుర్రం మీది వీరుడి చేతిలో కత్తి స్థానంలోకి తుపాకి వచ్చింది. సాంఘిక చిత్రాలు పెరిగి, జానపదాలు తగ్గాయి. చిత్రాలన్నీ రంగుల్లోకి మారాక, రంగు ఊహించి చెప్పే చిత్రకారుడి అవసరం నిర్మాతకు తక్కువగా కనిపించింది. ఫొటోను నేరుగా అచ్చువేసే ఆఫ్‌సెట్ ముద్రణ విస్తరించడంతో లిథో ఆర్టిస్టులకు పని పోయింది. 1990లలో కంప్యూటర్, 2000ల తొలి ఏళ్ళలో ఫ్లెక్సీ వచ్చి బ్యానర్ చిత్రకారులను కూడా పరంజా మీది నుంచి దించేశాయి. వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చినప్పుడు నిర్మాత గంటలనే ఎంచుకోవడం సహజం. చాలామంది కళాకారులు సైన్‌బోర్డులు, గుడి గోడల బొమ్మలు, పెళ్ళి మండపాల అలంకరణ వైపు మళ్ళారు. జానపదం మాత్రం 'భైరవద్వీపం' (1994)తోను, 'బాహుబలి' (2015)తోను మళ్ళీ తెర మీదికి వచ్చింది. 'బాహుబలి' కోసం కొచ్చిలో పరిచిన పోస్టర్ 50,000 చదరపు అడుగులు దాటి, అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దదిగా గిన్నిస్ గుర్తింపు పొందింది. పరిమాణంలో అది చరిత్ర సృష్టించింది గాని, అందులో చేతి కుంచె గీత లేదు.

పేరు లేని సంతకం

ఇటలీలో అన్సెల్మో బాల్లెస్టర్, అల్ఫ్రెడో కపితాని, లుయిజీ మార్తినాతి వంటి చిత్రకారులు తాము వేసిన సినిమా పోస్టర్ల మీద సంతకం చేసేవారు. ఆ సంతకం వల్లనే వారి పోస్టర్లు ఈనాడు చిత్రకళ పుస్తకాల్లో, వేలం శాలల్లో వారి పేరుతోనే చలామణీ అవుతున్నాయి. 2017లో అమెరికాలో 'డ్రాకులా' (1931) పోస్టర్ 5,25,800 డాలర్లకు అమ్ముడైంది. ఒకప్పుడు చిత్రం మారగానే పారేసిన కాగితానికి కాలం కట్టిన విలువ అది. తెలుగు జానపద పోస్టర్ల విషయంలో ఏ బొమ్మ ఎవరు వేశారన్న వివరం చాలావాటికి లేదు. కాగితం చవక రకం, అతికించాక దాన్ని వాన తడిపేసేది, మైదా రుచికి పశువులు పీకి తినేవి, మరుసటి వారం దాని మీదే మరో బొమ్మ పడేది. మిగిలినవి కొందరు సేకర్తల ఇళ్ళలో, 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారంలో, 2014 నుంచి ముంబైలో పనిచేస్తున్న ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వంటి సంస్థల్లో ఉన్నాయి. తెలుగు చిత్రాల పోస్టర్లను, పాటల పుస్తకాలను, స్టిల్స్‌ను ఒకచోట చేర్చి, చిత్రకారుల పేర్లతో సహా నమోదు చేసే భాండాగారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండటం ఇప్పటి తక్షణ అవసరం.

ఆ పనికి ప్రభుత్వాల కోసమే ఎదురుచూడనక్కర లేదు. మూతపడిన హాళ్ళ గదుల్లో, పాత పంపిణీదారుల గోదాముల్లో, తాతల నాటి పెట్టెల్లో పోస్టరో పాటల పుస్తకమో దొరికితే దాన్ని పాత కాగితాల బండికి వేయకండి. మడత విప్పి, చదునుగా పరచి, సెల్లోటేపు అంటించకుండా, ఎండ, తేమ తగలని చోట ఉంచి, భాండాగారాలకు తెలియజేయండి. ఇంట్లోనో, వీధిలోనో ఒకప్పుడు బ్యానర్లు వేసిన పెద్దలు, లిథో ప్రెస్సులో పనిచేసిన పెద్దలు ఉంటే వారి పేరు, వారు పనిచేసిన చిత్రాల పేర్లు ఇప్పుడే రాసి పెట్టండి. పాత చిత్రాలను తిరిగి విడుదల చేసే నిర్మాతలు పోస్టర్ చిత్రకారుడి పేరును కూడా టైటిళ్ళలో చేర్చితే, తెలుగు సినిమా తనకు రంగులు ఇచ్చినవారి బాకీని కొంతైనా తీర్చుకున్నట్టవుతుంది.